1946లో మూడు ఫిర్యాదులు: ఇంటి గుట్టు ఎవరిది?

మానవ హక్కుల చరిత్ర అనగానే పాఠ్యపుస్తకాలు మనకు నేర్పిన వరస ఒకటుంది. ఫ్రాన్సులో 1789 ప్రకటన, రెండో ప్రపంచ యుద్ధం, హిట్లర్ గ్యాస్ గదులు, ఆ తర్వాత 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్య సమితి చేసిన విశ్వజనీన మానవ హక్కుల ప్రకటన. చీకట్లోంచి వెలుగులోకి నడిచొచ్చినట్టు ఉంటుంది ఆ కథ. అందులో హక్కులు ఇచ్చిన వాళ్ళ పేర్లుంటాయి. హక్కులు అడగడానికి వెళ్ళి, గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి తిరిగిన వాళ్ళ పేర్లు కనపడవు.

మేము ఈ వ్యాసంలో ఆ గుమ్మం గురించి మాట్లాడదలుచుకున్నాం. 1946 అనే ఒక్క సంవత్సరాన్ని దగ్గర పెట్టుకుని చూద్దాం. కొత్తగా పుట్టిన ఐక్యరాజ్య సమితి వైపు చూస్తూ ఆ ఏడాది మూడు ఫిర్యాదులు తయారయ్యాయి. ఒకటి అమెరికాలోని నల్లజాతి ప్రజలది. రెండోది దక్షిణాఫ్రికాలోని భారతీయుల తరఫున భారత ప్రభుత్వం పెట్టింది. మూడోది మన అంటరాని కులాల తరఫున బాబాసాహెబ్ అంబేద్కర్ తలపెట్టింది. మొదటిదాన్ని తీసుకుని పక్కన పడేశారు. రెండోది గెలిచింది. మూడోది సమితికి చేరనే లేదు. మూడింటి చుట్టూ తిరిగిన మాట మాత్రం ఒక్కటే: "ఇది మా ఇంటి విషయం."

ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు మన పెద్దలు. ఇంట గెలిచి రచ్చ గెలవాలి అని కూడా అంటారు. ఈ రెండు సామెతలూ ఇల్లు ఉన్నవాళ్ళవే. ఆ ఇంట్లో నట్టింట కూర్చునేదెవరు, వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడేదెవరు అన్న సంగతి అవి చెప్పవు. రచ్చబండ మీద కూర్చోనివ్వని మనిషిని రచ్చ గెలవమంటే ఎట్లా గెలుస్తాడు? ఇల్లే తనది కానివాడు ఆ ఇంటి గుట్టు ఎందుకు కాపాడాలి? ప్రపంచ చరిత్రలో మానవ హక్కుల ఉల్లంఘన ఎట్లా నిలదొక్కుకుందో తెలియాలంటే ఈ ప్రశ్నల దగ్గరే మొదలుపెట్టాలని మా వాదన.

గడియ పెట్టిన తలుపు

ఐక్యరాజ్య సమితి చార్టర్ మీద 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో సంతకాలు జరిగాయి. మౌలిక మానవ హక్కుల మీద, మనిషి విలువ మీద ఆ చార్టర్ పీఠిక నమ్మకం ప్రకటిస్తుంది. ఆ పీఠిక రాతలో పెద్ద చెయ్యి ఎవరిదో తెలుసా? దక్షిణాఫ్రికా ప్రధాని జనరల్ స్మట్స్‌ది. ఆయన దేశంలో 1913 భూమి చట్టం జనాభాలో అత్యధికులైన ఆఫ్రికన్లకు మిగిల్చింది దేశం మొత్తంలో 7 శాతం నేల. 1936లో దాన్ని 13 శాతం దాకా పెంచుతామన్నారు. సొంత గడ్డ మీద తిరగడానికి ఆఫ్రికన్ జేబులో పాసు ఉండాలి. ఇట్లాంటి దేశపు ప్రధాని మానవ హక్కుల మాట రాయగలిగాడంటే, ఆ మాట తన ఇంటి గడప దాటి లోపలికి రాదన్న భరోసా ఉండబట్టే.

ఆ భరోసా అదే చార్టర్‌లో ఉంది. రెండో అధికరణం ఏడో క్లాజు ప్రకారం, ఏ దేశపు ఆంతరంగిక పరిధిలోకి వచ్చే విషయాల్లోనూ సమితి జోక్యం చేసుకోకూడదు. ముందు గదిలో దీపం వెలిగించారు, వెనక గదికి గడియ పెట్టుకున్నారు. ఆ గడియ అందరికీ కావాల్సి వచ్చింది. అమెరికాకు దక్షిణాది రాష్ట్రాలున్నాయి. బ్రిటన్‌కూ ఫ్రాన్సుకూ వలసలున్నాయి. సోవియట్ యూనియన్‌కు నిర్బంధ శిబిరాలున్నాయి. పైకి ఒకరితో ఒకరు కలబడుతున్నా, గడియ విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట.

గడియ ఒక్కటే చాలలేదు. ప్రపంచం నలుమూలల నుంచీ బాధితులు సమితికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. వాటిని ఏం చెయ్యాలి? మానవ హక్కులకు సంబంధించిన ఏ ఫిర్యాదు మీదా ఎలాంటి చర్యా తీసుకునే అధికారం తనకు లేదని మానవ హక్కుల కమిషన్ 1947లో తనకు తానే తేల్చుకుంది. అదే ఏడాది ఆగస్టులో ఆర్థిక సామాజిక మండలి ఆ మాటకు ముద్ర వేసింది. వచ్చిన ఉత్తరాలను జాబితా కట్టి, గోప్యంగా ఉంచి, పక్కన పెట్టడమే పనయింది. ఈ పద్ధతి మారడానికి 1967 దాకా ఆగాల్సి వచ్చింది. విశ్వజనీన ప్రకటన రాస్తున్న చేతులే ఫిర్యాదుల సంచి మూతి కట్టాయన్న మాట. పాఠ్యపుస్తకాల్లో ఈ ముక్క ఎందుకు ఉండదో ఊహించుకోవచ్చు.

మొదటి ఫిర్యాదు: మిసిసిపీ నుంచి

1946 ఫిబ్రవరి 12న ఐజాక్ వుడర్డ్ అనే నల్లజాతి సైనికుడు యుద్ధం ముగించుకుని, సైన్యం నుంచి విడుదలై, ఒంటి మీద యూనిఫాంతోనే ఇంటికి బస్సెక్కాడు. దారిలో కాలకృత్యాలకు బస్సు ఆపమన్న దగ్గర డ్రైవర్‌తో మాటా మాటా పెరిగింది. సౌత్ కరోలినాలోని బేట్స్‌బర్గ్ అనే ఊళ్ళో డ్రైవర్ అతన్ని పోలీసులకు అప్పగించాడు. అక్కడి పోలీసు అధికారి లాఠీతో అతని రెండు కళ్ళూ పోగొట్టాడు. ఆ అధికారిని విచారించిన జ్యూరీలో అందరూ తెల్లవాళ్ళే. అరగంటలో నిర్దోషి అని వదిలేశారు. అదే ఏడాది జూలై 25న జార్జియాలోని మూర్స్ ఫోర్డ్ వంతెన దగ్గర రెండు నల్లజాతి జంటలను తెల్ల మూక కాల్చి చంపింది. ఎఫ్.బి.ఐ. దర్యాప్తు జరిగింది. ఒక్కరికి కూడా శిక్ష పడలేదు.

హిట్లర్‌ను ఓడించిన దేశంలో, ఆ ఓటమికి తన వంతు రక్తం ధారపోసిన జాతికి దక్కిన మర్యాద ఇది. అందుకే వాళ్ళు రచ్చకెక్కారు. 1946 జూన్‌లో నేషనల్ నీగ్రో కాంగ్రెస్ అనే సంస్థ ఐక్యరాజ్య సమితికి ఒక అర్జీ ఇచ్చింది. ఆ తర్వాత ఎన్.ఎ.ఎ.సి.పి. సంస్థ తరఫున మహా పండితుడు డుబాయిస్ ఇంకా పెద్ద పత్రం తయారు చేయించాడు. లాయర్లు, చరిత్రకారులు కలిసి రాసిన ఆ పత్రం పేరు "ప్రపంచానికి ఒక విజ్ఞప్తి". ఓటు, బడి, ఇల్లు, ఆసుపత్రి, కోర్టు, మూక హత్యలు, ఒక్కొక్క దాంట్లో నల్లవాళ్ళకు చట్టం ఏం చేసిందో లెక్కలతో సహా పెట్టారు. 1947 అక్టోబర్ 23న దాన్ని సమితి అధికారులకు అందజేశారు. అమెరికాకు ముప్పు రష్యా నుంచి రావడం లేదు, మిసిసిపీ నుంచే వస్తోందని డుబాయిస్ తన ముందుమాటలో వాదించాడు.

దానికి ఏమైంది? మానవ హక్కుల కమిషన్‌కు అప్పటి అధ్యక్షురాలు ఎలినార్ రూజ్‌వెల్ట్. ఆమె అదే ఎన్.ఎ.ఎ.సి.పి. బోర్డు సభ్యురాలు కూడా. ఉదారవాది, నల్లవాళ్ళకు స్నేహితురాలు. ఆమె ఆ పత్రాన్ని చేపట్టలేదు. తన దేశం పరువు రష్యా చేతిలో పడుతుందని ఆమె భయం. బోర్డుకు రాజీనామా చేస్తాననే దాకా వెళ్ళింది. అనుకున్నట్టే సోవియట్ ప్రతినిధి ఆ పత్రాన్ని చర్చకు తెమ్మన్నాడు. నల్లవాళ్ళ మీద ప్రేమకన్నా అమెరికాను ఇరుకున పెట్టాలన్న ఉబలాటమే ఎక్కువని వేరే చెప్పాలా? డిసెంబర్‌లో జెనీవాలో ఆ ప్రతిపాదన వీగిపోయింది. 1948లో డుబాయిస్‌ను ఎన్.ఎ.ఎ.సి.పి.యే ఉద్యోగంలోంచి తీసేసింది. 1951 డిసెంబర్‌లో విలియం ప్యాటర్సన్, పాల్ రాబ్సన్‌లు నల్లవాళ్ళ మీద జరుగుతున్నది జాతి హననమేనని మరో పత్రం సమితికి ఇచ్చారు. రాబ్సన్ పాస్‌పోర్టు 1950లోనే రద్దయింది. పారిస్ వెళ్ళి పత్రం అందించిన ప్యాటర్సన్ పాస్‌పోర్టును తిరిగి రాగానే లాక్కున్నారు. ఇంటి గుట్టు విప్పిన విభీషణుడికి అమెరికాలో పడిన శిక్ష ఇది. మూక హత్యను ప్రత్యేక నేరంగా చూసే కేంద్ర చట్టం ఆ దేశంలో ఎప్పుడొచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి: 2022 మార్చిలో.

రెండో ఫిర్యాదు: గెలిచిన ఇండియా

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా కూలి ఒప్పందాల మీద నేటాల్ చెరుకు తోటలకు వెళ్ళారు. వాళ్ళల్లో ఎక్కువ మంది మద్రాసు రాష్ట్రం వాళ్ళు. మన కోస్తా జిల్లాల నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి వేల తెలుగు కుటుంబాలు వెళ్ళాయి. కరువు, అప్పు, వెట్టి వాళ్ళను ఓడెక్కించాయి. ఓడ జాబితాల్లో ప్రతి మనిషి పేరు పక్కనా కులం గడి ఉండేది. మాల, పరయ లాంటి పేర్లు ఆ గడిలో చాలానే కనిపిస్తాయి. అయిదేళ్ళ ఒప్పందం ముగిశాక కూడా అక్కడే ఉండదలుచుకున్న వాళ్ళ మీద 1895 చట్టం ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేసింది. దాన్ని రద్దు చేయించుకోవడానికి 1913లో కూలీలంతా సమ్మె చెయ్యాల్సి వచ్చింది.

వాళ్ళ పిల్లలు, మనవలు అక్కడే స్థిరపడి కాస్త భూమి, ఇల్లు సంపాదించుకునే సరికి 1946లో స్మట్స్ ప్రభుత్వం ఇంకో చట్టం తెచ్చింది. భారతీయులు ఎక్కడ నేల కొనాలో, ఎక్కడ ఉండాలో గిరి గీసే చట్టం అది. జనం దాన్ని ఘెట్టో చట్టం అన్నారు. యూసుఫ్ దాదూ, మాంటీ నాయకర్‌ల నాయకత్వంలో జూన్ నుంచి సత్యాగ్రహం మొదలై దాదాపు రెండు వేల మంది జైలుకెళ్ళారు. భారత ప్రభుత్వం దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేసింది. ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు చేసింది.

ఇది మా ఆంతరంగిక విషయం, రెండో అధికరణం ఏడో క్లాజు చూసుకోండి అన్నాడు స్మట్స్. అమెరికా, బ్రిటన్ ఆయన పక్షాన నిలబడ్డాయి. విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలోని భారత ప్రతినిధి వర్గం వెనక్కి తగ్గలేదు. మనిషిని మనిషిగా చూడకపోవడం ఏ ఒక్క దేశపు ఇంటి విషయమూ కాదని వాదించింది. 1946 డిసెంబర్ 8న సర్వసభ్య సభలో 32 దేశాలు ఇండియా వైపు, 15 ఎదురు ఓటేశాయి. ఏడు తటస్థంగా ఉన్నాయి. మూడింట రెండొంతుల మెజారిటీతో ఇండియా గెలిచింది. ఆంతరంగిక విషయం అనే గడియ మీద పడిన మొదటి పెద్ద దెబ్బ ఇదే. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పాసు చట్టాల మీద నిరసన తెలుపుతున్న 69 మందిని పోలీసులు కాల్చి చంపిన తర్వాత, భద్రతా మండలి దాకా వెళ్ళిన దారి 1946లో ఇండియా తెరిచిన దారే. ఆ గౌరవం ఇండియాకు ఇవ్వాల్సిందే. మేము దాన్ని తక్కువ చెయ్యం.

అయితే ఒక మాట అడగాలి. న్యూయార్క్‌లో ఆ ఓటు పడిన మర్నాడే, డిసెంబర్ 9న, ఢిల్లీలో రాజ్యాంగ సభ మొదటిసారి కూర్చుంది. డర్బన్‌లో ఉన్న మాల కూలీ మనవడి ఇంటి స్థలం కోసం ప్రపంచ సభలో కొట్లాడిన దేశంలో, గోదావరి గట్టున మిగిలిపోయిన అతని అన్నదమ్ముల మనవలు ఊరి బావి దగ్గర ఎవరైనా నీళ్ళు పోస్తారేమోనని కుండ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఓడెక్కిన వాడికి జరిగితే అది జాతి వివక్ష, ఓడెక్కని వాడికి జరిగితే అది ఇంటి ఆచారం! సముద్రం దాటితేగాని మనిషి మనిషి కాడా?

మూడో ఫిర్యాదు: ఇవ్వని కాగితం

1946 అంబేద్కర్‌కు మంచి సంవత్సరం కాదు. ఎన్నికల్లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ దెబ్బతిన్నది. మేలో వచ్చిన కాబినెట్ మిషన్ పథకం జనరల్, ముస్లిం, సిక్కు అని మూడు వర్గాలనే గుర్తించింది. అంటరాని వాళ్ళకు వేరే గుర్తింపు లేకుండా జనరల్‌లో కలిపేసింది. జూలైలో పూనాలో ఫెడరేషన్ సత్యాగ్రహం మొదలుపెట్టింది. రాజ్యాంగ సభలోకి రావడానికి ఆయన జోగేంద్రనాథ్ మండల్ సాయంతో బెంగాల్ నుంచి ఎన్నిక కావాల్సి వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. నీగ్రోల సమస్యను తాను చదువుకున్నానని, అంటరాని వాళ్ళ స్థితికీ వాళ్ళ స్థితికీ దగ్గర పోలిక ఉందని చెప్పాడు. 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లో, హార్లెమ్ పక్కనే ఉన్న కొలంబియాలో చదువుకున్న మనిషి ఆయన. సమితికి నల్లవాళ్ళు ఇచ్చిన అర్జీ ప్రతులు రెండు మూడు పంపమన్నాడు. భారతదేశపు అంటరాని వాళ్ళు కూడా ఆ దారిన వెళ్ళాలనుకుంటున్నారని తెలియజేశాడు. 1946 జూలై 31న డుబాయిస్ జవాబిచ్చాడు. మీ పేరు నాకు తెలుసు, అంటరాని వాళ్ళ పట్ల నాకు పూర్తి సానుభూతి ఉందన్న అర్థంలో రాశాడు. అటు మూర్స్ ఫోర్డ్ వంతెన దగ్గర నెత్తురు ఇంకా ఆరలేదు. ఇటు పూనాలో సత్యాగ్రహులు జైళ్ళకు పోతున్నారు. భూగోళానికి ఆ చివరా ఈ చివరా ఉన్న ఇద్దరు మనుషులు ఒకరి కాగితాన్ని ఇంకొకరు చదవాలనుకున్నారు. మన చరిత్ర పుస్తకాల్లో ఈ రెండు ఉత్తరాలకూ చోటు దొరకలేదు.

షెడ్యూల్డ్ కులాల స్థితి మీద సమితికి ఇవ్వడానికి అంబేద్కర్ ఒక నివేదిక తయారు చేశాడు. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఆయనే చెప్పుకున్నాడు, 1951 అక్టోబర్ 10న మంత్రి పదవి రాజీనామా ప్రకటనలో. ఆ ప్రకటనను పార్లమెంటులో తనకు నచ్చినట్టు చదవనివ్వకపోతే బయటికొచ్చి పత్రికలకిచ్చాడు. రాజ్యాంగ సభకూ రాబోయే పార్లమెంటుకూ ఒక అవకాశం ఇచ్చి చూద్దామని ఆగానన్నాడు.

ఆగడమే కాదు, ఆ అవకాశాన్ని తన చేత్తోనే కట్టాడు. 1947 ఆగస్టు 29న రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడయ్యాడు. అంటరానితనాన్ని రద్దు చేసే 17వ అధికరణం వచ్చింది. హక్కు పోయిన మనిషి నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళే 32వ అధికరణం వచ్చింది. రాజ్యాంగానికి ఆత్మ లాంటిదని ఆయన చెప్పింది ఈ 32 గురించే. దీన్ని మేము ఇట్లా అర్థం చేసుకుంటున్నాం: ప్రపంచం గుమ్మానికి గడియ ఉందని 1946లోనే ఆయనకు తెలుసు. డుబాయిస్ అర్జీకి ఏ గతి పట్టిందో లోకం చూసింది. కాబట్టి ఫిర్యాదు చేసుకునే తలుపును ఇంట్లోనే పెట్టించాడు. ఓడెక్కని వాళ్ళకు కూడా అందే దూరంలో పెట్టించాడు.

ఆయన నిర్ణయాన్ని తూకం వేసే అర్హత మాకుందని అనుకోవడం లేదు. కానీ అదే 1951 ప్రకటనలో, ఇన్నేళ్ళ తర్వాత కూడా షెడ్యూల్డ్ కులాల పరిస్థితి మునుపటి లాగే ఉందని, అదే పాత దౌర్జన్యం నడుస్తోందని ఆయన బాధతో చెప్పిన సంగతి మర్చిపోకూడదు. అంటే ఇచ్చిన అవకాశాన్ని ఇల్లు వాడుకోలేదని ఇంటి రాజ్యాంగం రాసిన మనిషే సాక్ష్యం చెప్పాడు. ఇవ్వని ఆ కాగితం గడువు ఆ రోజే తీరిపోయింది.

పుట్టుక అనే మాట

తర్వాత కథ ఇంకా విచిత్రం. 1965 డిసెంబర్ 21న ఐక్యరాజ్య సమితి అన్ని రకాల జాతి వివక్ష నిర్మూలనకు ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. జాతి వివక్ష అంటే ఏమిటో దాని మొదటి అధికరణం చెబుతుంది. అందులో జాతి, రంగు అనే మాటల పక్కన పుట్టుక, అంటే వంశం, అనే మాట కూడా ఉంది. ఆ మాటను సవరణ ద్వారా చేర్పించింది ఇండియానే! 1968లో ఇండియా ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించింది.

1996లో ఇండియా తన నివేదికతో ఆ ఒప్పందపు కమిటీ ముందుకు వెళ్ళినప్పుడు కులం మాటేమిటని సభ్యులు అడిగారు. కులం జాతి కాదు, కనుక ఈ ఒప్పందం కిందికి రాదని ప్రభుత్వం జవాబు. పుట్టుక అనే మాటకు జాతి ఒక్కటే అర్థం కాదు, షెడ్యూల్డ్ కులాలు, తెగలు దీని కిందికి వస్తాయని కమిటీ తేల్చి చెప్పింది. 2001 ఆగస్టు 31 నుంచి సెప్టెంబర్ 8 దాకా జాతి వివక్ష వ్యతిరేక ప్రపంచ మహాసభ జరిగినప్పుడు మన దళిత సంఘాల వాళ్ళు రెండు వందల మంది దాకా అక్కడికి వెళ్ళారు. తెలుగు నేల నుంచి కూడా వెళ్ళారు. వేదిక ఎక్కడ? డర్బన్‌లోనే. ట్రూరో ఓడ ఆగిన ఊళ్ళోనే. 1946లో ఎవరి హక్కుల కోసం ఇండియా స్మట్స్‌ను నిలదీసిందో వాళ్ళ ఊళ్ళోనే. అక్కడ భారత ప్రభుత్వం స్మట్స్ వాదాన్ని తన నోటితో వినిపించింది. మా కులం సంగతి మా రాజ్యాంగం చూసుకుంటుంది, ఈ సభకు సంబంధం లేదంది. చివరి ప్రకటనలో కులం అనే మాట లేకుండా పోయింది. కానీ అక్కడ లేచిన గొంతు వృథా పోలేదు. 2002 ఆగస్టులో జాతి వివక్ష కమిటీ తన 29వ సాధారణ సిఫారసులో పుట్టుక ఆధారంగా జరిగే వివక్షలో కులం కూడా ఉందని స్పష్టంగా రాసింది.

కులం జాతి కాదన్నది నిజమే. కొందరు సోషియాలజీ పెద్దలు 2001లో దాన్ని గొప్ప రహస్యం లాగా బయటపెట్టారు గాని, కులాలు వేరువేరు జాతులు కావని అంబేద్కర్ ఎప్పుడో వాదించాడు. ఇక్కడ తేలాల్సింది అది కాదు. ఒప్పందంలో జాతి, రంగు, పుట్టుక అని వేరువేరు మాటలుంటే, అన్నింటినీ తీసుకెళ్ళి ఒక్క జాతికే కట్టెయ్యడం ఎందుకు? తానే చేర్పించిన మాటకు తానే అర్థం లేకుండా చెయ్యడం ఎందుకు? మాట పెట్టినప్పుడు ఇండియా చూపు బయటి వాళ్ళ మీదుంది. అర్థం అడిగినప్పుడు చూపు తన మీదికి తిరిగింది. అంతే తేడా.

ఊరు కూడా ఒక రాజ్యమే

ఇంటి విషయం అనే వాదం ఢిల్లీలో, న్యూయార్క్‌లో మాత్రమే నడవదు. మన ఊరికి కూడా ఒక రెండో అధికరణం ఏడో క్లాజు ఉంటుంది, ఎక్కడా రాసి ఉండదు. ఊరి విషయం ఊళ్ళో తేల్చుకుందాం అంటారు పెద్దమనుషులు. కేసు వద్దు, రాజీ పడండి అంటారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తాగే నీళ్ళ చెరువును పాడు చెయ్యొద్దన్న దగ్గర మొదలైంది ఆ గొడవ. ప్రాణాలతో బయటపడ్డ వాళ్ళు ఊళ్ళో తేల్చుకోవడానికి ఉండిపోలేదు. చీరాల వెళ్ళి శిబిరం పెట్టారు. ఆ శిబిరమే దళిత మహాసభకు పురిటి గది అయింది. 1991 ఆగస్టు 6న చుండూరులో, సాంఘిక బహిష్కరణ నడుస్తుండగా, ఎనిమిది మంది దళితులను వెంటాడి నరికారు. అక్కడి వాళ్ళు పోరాడి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పును అదే ఏడాది సుప్రీంకోర్టు నిలిపేసింది. చీరాల శిబిరమూ చుండూరు కోర్టూ కూడా ఆ ఇవ్వని కాగితానికి కొనసాగింపే. ఊరి గడప దాటి మాట్లాడిన రోజే ఊళ్ళో ఏం జరిగిందో లోకానికి తెలిసింది.

మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మాది. అక్కడ కూడా ఇదే పాట విన్నాం. హాస్టల్లో జరిగిన అవమానం బయట చెబితే సంస్థ పరువు పోతుందన్నారు. పరువు ఎప్పుడూ ఇంటి యజమానిదే. అవమానం మాత్రం వాకిట్లో వాడిది.

ఎవరి ఇల్లు?

మా వాదానికి ఎదురు వచ్చే మాటలు మాకు తెలుసు. మానవ హక్కుల పేరు చెప్పి బలమైన దేశాలు బలహీన దేశాల మీద పెత్తనం చెయ్యడం లేదా? చేస్తున్నాయి. డుబాయిస్ పత్రాన్ని సోవియట్లు తమ పావుగా వాడుకోలేదా? వాడుకున్నారు. తమ మీదికి వచ్చినప్పుడు ముందు మీ కులం సంగతి చూసుకోండని దక్షిణాఫ్రికా తెల్లవాళ్ళు ఎగతాళి చెయ్యలేదా? చేశారు. కానీ శత్రువు నోట వచ్చినంత మాత్రాన నిజం అబద్ధం అయిపోదు. మిసిసిపీ నెత్తురును రష్యా చూపించినా అది నెత్తురే. మన వెలివాడను స్మట్స్ మనుషులు చూపించినా అది వెలివాడే. నోరు మూయించాలనుకునే ఇంటి పెద్దలు ఉన్నంత కాలం పక్కింటి వాళ్ళు ఆ నిజాన్ని తమ లాభానికి వాడుకుంటూనే ఉంటారు. దానికి మందు ఒక్కటే: బాధితుడే తన మాట తాను చెప్పుకోవడం, ఎవరి పావూ కాకుండా చెప్పుకోవడం.

పైగా ఇవాళ ఇల్లు ఒక్క చోట లేదు. తెలుగు వాళ్ళు అమెరికా వెళ్ళారు, కులాన్ని సూట్‌కేసులో పెట్టుకెళ్ళారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అట్లాంటి బిల్లునే ఆమోదిస్తే, ఉన్న చట్టాలు చాలునని గవర్నర్ అక్టోబర్‌లో వెనక్కి పంపాడు. బిల్లును వ్యతిరేకించిన మన వాళ్ళ గోడు ఏమిటి? దీని వల్ల మన సమాజం బయటి వాళ్ళ ముందు చులకనైపోతుందని. అంటే ఇంటి గుట్టు అన్న మాట కూడా విమానమెక్కింది. ఇల్లు దాటినా ఇంటి గడియ మాత్రం వెంట వస్తూనే ఉంది.

1946 నాటి మూడు ఫిర్యాదుల్ని పక్కపక్కన పెట్టి చదివితే మానవ హక్కుల చరిత్ర ఇంకో రకంగా కనిపిస్తుంది. రాజ్యాలు ఉదారంగా ఇచ్చిన వరాల జాబితాలా కాకుండా, గడియల మీద పడిన దెబ్బల వరసగా కనిపిస్తుంది. ఒక దెబ్బ డుబాయిస్‌ది. ఒక దెబ్బ నేటాల్ కూలీల మనవలది. ఒకటి చీరాల శిబిరానిది, ఒకటి డర్బన్ వెళ్ళిన దళితులది. ఏ ఒక్క దెబ్బతోనూ తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. అయినా అంబేద్కర్ తయారు చేసి ఇవ్వకుండా ఉంచిన ఆ నివేదికలోని పని ఇంకా మిగిలే ఉంది. దాంట్లో కొత్తగా రాయాల్సిన పేజీలు మన ఊళ్ళల్లో, కోర్టు కాగితాల్లో, హాస్టల్ గదుల్లో పడి ఉన్నాయి. వాటిని పోగు చెయ్యడం, తేదీలతో, సాక్ష్యాలతో, మన భాషలో రాసి పెట్టడం మనలాంటి పరిశోధకుల పని. ఇది ఎవరి ఇంటి విషయం అని ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు కూడా ఉండాలి: ఇంట్లోకి రానివ్వని వాళ్ళది.